వేట విరామంలో ఇంజనుకు ఏమవుతుంది? బోటు మోటారులో మిగిలిన పెట్రోలు చెప్పే రసాయన పాఠం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో సముద్ర వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి 61 రోజులపాటు మోటారు బోట్లు ఒడ్డునే ఉండిపోతాయి. ఆ రోజుల్లో మత్స్యకారులు వలలు అల్లుకుంటారు, తెప్పలకు మరమ్మతులు చేసుకుంటారు, రంగులు వేసుకుంటారు. ఇంజనును మాత్రం తీసుకెళ్లి ఇంట్లోనో పాకలోనో ఒక మూల నిలబెట్టి, పైన గోనెపట్టా కప్పేస్తారు. అది బాగానే పనిచేస్తూ ఉండగా ఆపిన ఇంజను. ఇక దానికి ఏమవుతుందిలే అనుకుంటాం.

విరామం ముగిసిన తెల్లవారుజామున తాడు లాగితే ఇంజను పలకదు. పదిసార్లు లాగాక ఒకసారి దగ్గి ఆగిపోతుంది. ఎలాగో అంటుకున్నా, వేగం పెంచేసరికి చల్లబడుతుంది. మెకానిక్ వచ్చి కార్బురేటర్ విప్పి చూస్తే లోపల పెట్రోలు ఉండదు. దాని స్థానంలో బెల్లపు పాకంలా గోధుమరంగు జిగురు, అడుగున తెల్లటి పొడి కనిపిస్తాయి.

ఒడ్డునే మొరాయిస్తే పోయేది ఒక రోజు వేట. ఒడ్డు దాటాక, కెరటాలు విరిగే చోట ఇంజను ఆగిపోతే సంగతి వేరు. అప్పటిదాకా కెరటానికి ఎదురుగా ఉన్న బోటు ముక్కు పక్కకు తిరుగుతుంది. తరువాతి కెరటం బోటును అడ్డంగా కొడుతుంది. బోటు బోల్తాపడటానికి అది చాలు. అందుకే ఇంజనులో మిగిలిన కాస్త పెట్రోలు విషయాన్ని చిన్నదిగా చూడలేం. ఆ పెట్రోలుకు ఈ రెండు నెలల్లో ఏం జరుగుతుందో, దాన్ని ఎలా చూసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇంధనం ఎక్కడెక్కడ మిగులుతుంది?

బోటు వెనుక తగిలించే ఇంజనును ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. చాలా ఇంజన్లకు ఇంధనం విడిగా ఉండే ట్యాంకు నుంచి వస్తుంది. ట్యాంకు మూత మీద గాలి మర ఒకటి ఉంటుంది. ట్యాంకు నుంచి రబ్బరు గొట్టం బయలుదేరుతుంది. దాని మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది. తరువాత ఫిల్టరు, చిన్న పంపు, చివరికి కార్బురేటర్.

కార్బురేటర్ అడుగున కొన్ని పదుల మిల్లీలీటర్లు పట్టే చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఒక తేలుడు బెండు ఉంటుంది. మన ఇంటి నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చేసే పనే ఇది చేస్తుంది. గిన్నెలో పెట్రోలు నిండితే దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. గిన్నెలోని పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లేచి, గాలితో కలిసి ఇంజనులోకి వెళుతుంది. జెట్ రంధ్రం వెడల్పు తరచూ ఒక మిల్లీమీటరుకన్నా తక్కువే. నిదానంగా నడిచేటప్పుడు ఇంధనం అందించే జెట్ ఇంకా సన్నం.

కాబట్టి ఇంజను ఆపేశాక ఇంధనం మూడు చోట్ల మిగులుతుంది: ట్యాంకులో కొన్ని లీటర్లు, గొట్టం, ఫిల్టరు, పంపుల్లో కొంత, కార్బురేటర్ గిన్నెలో కాస్త. వీటిలో అన్నిటికన్నా తక్కువ ఉన్నది గిన్నెలోనే. అన్నిటికన్నా త్వరగా పాడయ్యేది, ఎక్కువ నష్టం చేసేది కూడా అదే. కారణం తేలికే. గిన్నెకు గాలి తగిలే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పెట్రోలు కొద్దిగా ఉండి, దానికి తగిలే గాలి, చుట్టూ ఉండే లోహం ఎక్కువగా ఉంటే మార్పులు వేగంగా జరుగుతాయి.

మొదటి మార్పు: తేలిక భాగాలు ఎగిరిపోతాయి

నీరు ఒకే పదార్థం. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. పెట్రోలు అలా కాదు. అది వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో కొన్ని 30 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. కొన్నింటికి 200 డిగ్రీలు దాటాలి. చల్లగా ఉన్న ఇంజను మొదట అంటుకోవాలంటే తేలికగా ఆవిరయ్యే భాగాలే కావాలి. ఎందుకంటే మండేది ద్రవం కాదు, దాని ఆవిరి.

నిలవ ఉన్న పెట్రోలులో ముందుగా తప్పించుకుపోయేవి సరిగ్గా ఆ భాగాలే. మిగిలిన బరువైన భాగాలు వేడెక్కిన ఇంజనులో బాగానే మండుతాయి. కానీ ఇంజను వేడెక్కాలంటే ముందు అంటుకోవాలి కదా! పాత పెట్రోలుతో తాడు పదేపదే లాగాల్సి రావడానికి ఇది మొదటి కారణం.

నూనె కలిపి వాడే టూ స్ట్రోక్ ఇంజన్లలో మరో చిక్కు ఉంది. 50 వంతుల పెట్రోలుకు ఒక వంతు నూనె కలిపారనుకుందాం. అంటే 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల నూనె. గిన్నెలో 50 మిల్లీలీటర్ల మిశ్రమం మిగిలి పెట్రోలంతా ఆవిరైపోతే, సుమారు ఒక మిల్లీలీటరు నూనె అక్కడే ఉండిపోతుంది. చూడటానికి తక్కువే. కానీ మిల్లీమీటరుకన్నా సన్నని రంధ్రాన్ని పూడ్చడానికి అంత కూడా అక్కర్లేదు.

రెండో మార్పు: గాలి సోకి జిగురు పుడుతుంది

కోసిన వంకాయ నల్లబడటం, పాత నూనె చిక్కబడి వాసన రావడం మనకు తెలిసినవే. రెండింటిలోనూ గాలిలోని ఆక్సిజన్ పాత్ర ఉంది. పెట్రోలుకూ అదే జరుగుతుంది. పెట్రోలులో ఒలిఫిన్లు అనే హైడ్రోకార్బన్లు ఉంటాయి. వీటి అణువుల్లో కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది. ఆక్సిజన్‌తో జరిగే చర్య వీటి దగ్గర సులువుగా మొదలవుతుంది.

ముందు పెరాక్సైడ్లు ఏర్పడతాయి. అవి మరిన్ని అణువులను చర్యలోకి లాగుతాయి. ఒక దీపంతో మరో దీపం వెలిగించినట్టు ఈ చర్య గొలుసుకట్టుగా సాగుతుంది. చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. పెద్దవైన అణువులు ఇక ఆవిరి కాలేవు, పెట్రోలులో సరిగ్గా కరిగి ఉండలేవు. అవే జిగురుగా గిన్నె గోడలకూ జెట్లకూ పడతాయి. కొంతకాలానికి ఆ జిగురు ఎండి వార్నిష్ పూతలా గట్టిపడుతుంది.

ఈ చర్యను రెండు విషయాలు వేగవంతం చేస్తాయి. ఒకటి వేడి. ఏప్రిల్, మే నెలల ఎండలో పాకలో పెట్టిన ఇంజనుకు అది కావలసినంత దొరుకుతుంది. రెండోది లోహం. రాగి ఈ చర్యకు ఉత్ప్రేరకం. జెట్లను సాధారణంగా ఇత్తడితో చేస్తారు. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే.

శుద్ధి కర్మాగారాల్లో పెట్రోలుకు ఆక్సీకరణాన్ని అడ్డుకునే రసాయనాలు కొద్దిగా కలుపుతారు. అవి గొలుసును మధ్యలో తెంపుతాయి. అయితే తెంపిన ప్రతిసారీ అవి ఖర్చవుతాయి. అవి అయిపోయాక జిగురు పుట్టడం ఊపందుకుంటుంది. బజారులో దొరికే ‘ఫ్యూయల్ స్టెబిలైజర్’ చేసేది ముఖ్యంగా ఈ రసాయనాల నిల్వను పెంచడమే. కాబట్టి దాన్ని తాజా పెట్రోలులో కలపాలి. పుట్టిన జిగురును అది తిరిగి పెట్రోలుగా మార్చలేదు. పులిసిన పాలను ఫ్రిజ్‌లో పెట్టినా తాజా పాలు కానట్టే ఇది.

మూడో మార్పు: ఇథనాల్, నీరు

మన దేశంలో 2022 నాటికి పెట్రోలులో ఇథనాల్ వాటా 10 శాతానికి చేరింది. 20 శాతం ఇథనాల్ ఉన్న ఇ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి మామూలు పెట్రోలు స్థానంలోకి వచ్చింది. రోజూ నడిచే మోటారు సైకిలు ట్యాంకులో పెట్రోలు వారంలో అయిపోతుంది. రెండు నెలలు ఒకచోట నిలబడే బోటు ఇంజను సంగతి అలా కాదు. దాని యజమాని ఇథనాల్ గుణం తెలుసుకుని తీరాలి.

నీరు, పెట్రోలు కలవవు. ఇథనాల్ మాత్రం రెండిటితోనూ కలుస్తుంది. దాని అణువులో ఒక చివర హైడ్రోకార్బన్ తోక ఉంటుంది. అది పెట్రోలుకు చుట్టం. మరో చివర ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉంటుంది. అది నీటికి చుట్టం. అందువల్ల ఇథనాల్ మధ్యవర్తిలా నిలబడి కొద్దిపాటి నీటిని పెట్రోలులో కరిగి ఉండేలా చేస్తుంది. ఆ కొద్ది నీరు ఇంజను గుండా వెళ్లిపోతుంది, పెద్ద హాని లేదు.

మధ్యవర్తి ఓపికకూ ఒక హద్దు ఉంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు 15 డిగ్రీల దగ్గర తన పరిమాణంలో దాదాపు అర శాతం నీటిని మాత్రమే కరిగించుకోగలదు. ఇథనాల్ పెరిగితే ఈ హద్దు పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. హద్దు దాటిన క్షణంలో ఇథనాల్ పెట్రోలును వదిలి నీటి పక్షాన చేరిపోతుంది. ద్రవం ముందు మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది, తరువాత రెండు పొరలుగా విడిపోతుంది. పైన ఇథనాల్ పోగొట్టుకున్న పెట్రోలు, అడుగున ఇథనాల్, నీరు. మధ్యాహ్నం బాగానే ఉన్న పెట్రోలు రాత్రి చల్లబడ్డాక విడిపోవచ్చు.

అప్పుడు మూడు నష్టాలు జరుగుతాయి. ఇంధనం లాగే గొట్టం మూతి ట్యాంకు అడుగునే ఉంటుంది కాబట్టి ఇంజనుకు ముందు అందేది ఆ నీటి పొరే. రెండోది, టూ స్ట్రోక్ నూనె ఎక్కువగా పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది. అడుగు పొర లోపలికి వెళితే ఇంజనుకు తగినంత నూనె అందదు, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంటుంది. మూడోది, ఇథనాల్ కలిసిన నీరు కార్బురేటర్ లోహాన్ని తింటుంది. అందులో సముద్రపు ఉప్పు కూడా ఉంటే తుప్పు మరీ వేగంగా పడుతుంది. గిన్నె అడుగున కనిపించే తెల్లటి పొడి అదే.

ఒకసారి విడిపోయిన పెట్రోలును కుదిపి కలిపినా కాసేపటికి మళ్లీ విడిపోతుంది. దాన్ని ఇంజనులో వాడకూడదు.

ఒక లెక్క: ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

‘సగం ఖాళీ ట్యాంకులోకి రాత్రిపూట తేమ గాలి చేరి నీరుగా మారుతుంది’ అని తరచూ వింటాం. ఇది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం.

12 లీటర్ల ట్యాంకులో 6 లీటర్ల పెట్రోలు, 6 లీటర్ల గాలి ఉన్నాయనుకుందాం. రాత్రి 25 డిగ్రీలు, పగలు 40 డిగ్రీలు. గాలి మర తెరిచి ఉంది. 15 డిగ్రీల తేడాకు వాయువు పరిమాణం సుమారు 5 శాతం మారుతుంది. అంటే రోజుకు 0.3 లీటరు గాలి బయటికి పోయి లోపలికి వస్తుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమతో నిండిన గాలిలో కూడా ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీరే ఉంటుంది. లీటరుకు 0.03 గ్రాము. కాబట్టి రోజుకు లోపలికి వచ్చేది 0.009 గ్రాము. అందులో ఒక్క చుక్క కూడా బయటికి పోలేదనుకున్నా, 61 రోజులకు దాదాపు అర గ్రాము.

6 లీటర్ల పెట్రోలుకు అర శాతం హద్దు అంటే 30 మిల్లీలీటర్లు. ఇ20కి ఈ హద్దు ఇంకా ఎక్కువ. దాని పక్కన అర గ్రాము లెక్కలోకి రాదు. ఇథనాల్ తెరిచిన దారి గుండా గాలి నుంచి నేరుగా లాక్కునే తేమను కూడా కలుపుకున్నా, గాలి మర మూసి ఉంచితే ట్యాంకులో పొరలు విడిపోయేంత నీరు ఆ దారిన రావడం కష్టం.

మరి నీరు ఎలా వస్తోంది? చాలాసార్లు మన చేతుల మీదుగానే. సరిగ్గా బిగించని మూత మీద పడిన వాన, ఎగిరిపడిన కెరటం, తడి గరాటు, ఆరుబయట ఉంచిన డ్రమ్ము అడుగున చేరిన నీరు. ఒక చిన్న టీ గ్లాసు నీరు దాదాపు 100 మిల్లీలీటర్లు. తేమ గాలి ఏళ్లకేళ్లు తేలేని నీటిని ఒక తడి క్యాను ఒక్క క్షణంలో తెస్తుంది. కాబట్టి ట్యాంకు నిండా ఉందా సగం ఉందా అన్నదానికన్నా మూత, గరాటు, క్యాను మీద కన్నేయడమే ముఖ్యం.

ఆ 0.3 లీటరు గాలి విషయంలో మరో సంగతి మరిచిపోకూడదు. లోపలికి వచ్చేది తేమ గాలి, బయటికి పోయేది పెట్రోలు ఆవిరి. తెరిచి ఉంచిన గాలి మర వల్ల జరిగే అసలు నష్టం ఆ తేలిక భాగాలు రోజూ కొంత పోవడమే.

విరామం కొద్ది రోజులదైతే

రెండు మూడు రోజుల్లో మళ్లీ వేటకు వెళ్లేటట్టయితే పెద్ద పని లేదు. ఒడ్డుకు రాగానే ఇంధనం గొట్టాన్ని ఇంజను నుంచి ఊడదీయాలి. ట్యాంకు గాలి మర మూయాలి. ట్యాంకును నీడలో ఉంచాలి.

గొట్టం ఎందుకు తీయాలంటే, ఎండకు ట్యాంకులో ఒత్తిడి పెరిగి పెట్రోలు గొట్టం గుండా ఇంజనులోకి తోసుకుపోవచ్చు. పెట్రోలు కూడా వేడికి వ్యాకోచిస్తుంది. 12 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 170 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అందుకే ట్యాంకును అంచు వరకు నింపకూడదు. మళ్లీ బయలుదేరేటప్పుడు గాలి మర తెరవడం మరిచిపోవద్దు. మరిచిపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి కాసేపటికి ఇంజనుకు పెట్రోలు అందదు. ‘బాగానే నడిచి ఆగిపోయింది’ అనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది దీన్నే.

వారం పది రోజులు ఆగుతుందనుకుంటే కార్బురేటర్ గిన్నెను ఖాళీ చేయడం మంచిది.

విరామం రెండు నెలలదైతే

అన్నిటికన్నా మంచి ఉపాయం ముందుచూపు. విరామం దగ్గరపడుతున్న వారంలో అవసరానికి మించి పెట్రోలు కొనకుండా ఉంటే, మిగిలేదే తక్కువ. ఆ తరువాత పని ఈ వరుసలో చేసుకోవచ్చు.

1. కొంత ఇంధనాన్ని నిలవ ఉంచక తప్పకపోతే, అది తాజాగా ఉన్నప్పుడే డబ్బా మీద చెప్పిన మోతాదులో స్టెబిలైజర్ కలపాలి. తరువాత ఇంజనును 10 నిమిషాలు నడపాలి. అప్పుడే ఆ మందు కలిసిన పెట్రోలు కార్బురేటర్ దాకా చేరుతుంది.

2. ఇంజను కింది భాగాన్ని మంచినీళ్ల డ్రమ్ములో మునిగేలా నిలిపి, ఆరుబయట నడపాలి. లోపలి ఉప్పు కడుక్కుపోతుంది. వీలైతే ముందుగా ప్రొపెల్లర్ తీసేయాలి. నీరు లేకుండా ఇంజనును ఒక్క నిమిషం కూడా నడపకూడదు. చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రం వెంటనే పాడవుతుంది.

3. ఇంజను నిదానంగా నడుస్తుండగా ఇంధనం గొట్టం ఊడదీయాలి. లోపలి పెట్రోలు అయిపోయి కొద్ది నిమిషాల్లో ఇంజను తానే ఆగుతుంది. ఈ సమయంలో వేగం పెంచకూడదు. టూ స్ట్రోక్ ఇంజనుకు నూనె అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గుతున్నప్పుడు వేగంగా తిప్పితే నూనె చాలదు.

4. ఇంజను ఆగిందంటే గిన్నె ఖాళీ అయినట్టు కాదు. జెట్‌కు అందని అడుగు భాగంలో కొంత ఇంకా ఉంటుంది. జిగురు పుట్టేది ఆ కాస్తలోనే. ఇంజను చల్లబడ్డాక గిన్నె అడుగున ఉండే మర వదులు చేసి, ఆ కాస్తనూ చిన్న డబ్బాలోకి దింపాలి. మళ్లీ మర బిగించాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

5. ఇంజను అంటుకోకుండా ఆపు స్విచ్చి తాడు తీసేసి, ప్లగ్గు విప్పి, సిలిండరులో ఒక చెంచా ఇంజను నూనె పోయాలి. స్టార్టరు తాడును నాలుగైదుసార్లు మెల్లగా లాగితే నూనె గోడలకు పూతలా పడుతుంది. ప్లగ్గు తిరిగి బిగించాలి. ఉప్పు గాలి నుంచి పిస్టనుకు ఇదే కాపలా.

6. ఫిల్టరు విప్పి చూసి, నీరు గానీ మడ్డి గానీ ఉంటే శుభ్రం చేయాలి. గొట్టం పగుళ్లు బారిందేమో వంచి చూడాలి. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది.

7. ఇంజనును నీడలో నిటారుగా నిలబెట్టాలి. పడుకోబెడితే లోపలి నీరు సిలిండరువైపు పారవచ్చు.

ఇదంతా కార్బురేటర్ ఉన్న ఇంజన్ల సంగతి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త రకాలకు మూడో మెట్టు పనికిరాదు. వాటి విద్యుత్ పంపును చల్లబరిచేది, కందెనగా ఉండేది ఆ పెట్రోలే. దాన్ని ఎండగట్టి నడిపితే పంపు దెబ్బతింటుంది. అలాంటి ఇంజనును స్టెబిలైజర్ కలిపిన పెట్రోలుతో నింపి ఉంచి, తయారీదారు పుస్తకంలో చెప్పిన పద్ధతి పాటించాలి.

కేరళ తీరంలో కిరోసిన్‌తో నడిచే ఇంజన్లు ఎక్కువ. అక్కడి వారు పెట్రోలుతో ఇంజను అంటించి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడుపుతారు. కిరోసిన్ సుమారు 150 డిగ్రీలు దాటితే గానీ మరగదు కాబట్టి చల్లటి ఇంజనులో అది ఆవిరి కాదు. గిన్నెలో కిరోసిన్ మిగిలితే మరునాడు ఇంజను లేవదు. ఆవిరయ్యే గుణం గురించి పైన చెప్పుకున్న సూత్రాన్ని వారు అనుభవంతోనే పట్టుకున్నారు.

మిగిలిన పెట్రోలును ఏం చేయాలి?

ముందు పరీక్షించాలి. మూత ఉన్న పారదర్శకమైన గాజు సీసాలో ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలు తీసి, ఆరుబయట నీడలో ఒక గంట కదపకుండా ఉంచండి. దగ్గర్లో బీడీ, పొయ్యి, దీపం ఉండకూడదు. తేటగా ఉంటే మంచిదే. మబ్బుగా ఉన్నా, అడుగున గీత గీసినట్టు రెండో పొర కనిపించినా వాడకూడదు. రంగు ముదిరి, వార్నిష్ లాంటి పుల్లని వాసన వస్తుంటే జిగురు పుట్టడం మొదలైనట్టే.

నూనె కలపని పెట్రోలు తేటగా ఉంటే దాన్ని విరామం మొదట్లోనే మోటారు సైకిలుకు వాడేయడం తెలివైన పని. నూనె కలిపినదాన్ని బండిలో పోయకూడదు. దాన్ని బిగుతైన మూత ఉన్న, పెట్రోలు కోసమే చేసిన క్యానులో పోసి, కలిపిన తేదీ, నూనె పాళ్లు రాసి ఉంచాలి. స్టెబిలైజర్ లేని పెట్రోలు నెల దాటితే అనుమానించాలి. విరామం తరువాత పరీక్షలో తేటగా తేలితేనే, ఒక వంతు పాతదానికి నాలుగైదు వంతుల తాజా మిశ్రమం కలిపి వాడవచ్చు. కొత్తగా పోసే పెట్రోలుకు నూనె మామూలు పాళ్లలోనే కలపాలి.

పాడైనదాన్ని ఇసుకలోనో కాలువలోనో పారబోయవద్దు. పెట్రోలులోని బెంజీన్ వంటి పదార్థాలు చేప గుడ్లకూ పిల్లలకూ విషం. ఏ గుడ్ల కోసం 61 రోజులు వేట మానుకున్నామో వాటినే చంపినట్టవుతుంది. వాడేసిన నూనెలు సేకరించే గ్యారేజీలకు ఇవ్వడం మేలు.

ప్రాణం మీదికి తెచ్చే రెండు అలవాట్లు

మొదటిది, గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోలు పీల్చడం. ఒక్క గుక్క పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే తీవ్రమైన వాపు వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. ఎవరైనా పెట్రోలు గానీ కిరోసిన్ గానీ మింగితే వాంతి చేయించకూడదు. వాంతి అయ్యేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నోటితో పని ఏముంది? గొట్టం మధ్యలో ఉన్న రబ్బరు బల్బే చేతి పంపు. దాన్ని నొక్కితే చాలు.

రెండోది, ట్యాంకును ఇంట్లో, అదీ వంటపొయ్యి ఉన్న గదిలో ఉంచడం. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచి పోదు, నేల మీద పాకుతూ పొయ్యి దాకా వెళుతుంది. గాలిలో ఒకటిన్నర శాతం ఉన్నా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ట్యాంకును ఇంటికి దూరంగా, గాలి ఆడే నీడపట్టున, పిల్లలకు అందకుండా ఉంచాలి. క్యాను నింపేటప్పుడు నేల మీద పెట్టి నింపాలి.

మళ్లీ నీటిలోకి

విరామం ముగిసే రెండు రోజుల ముందే ఇంజనును బయటికి తీయండి. తాజా ఇంధనం పోసి, గాలి మర తెరిచి, రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. డ్రమ్ములో గానీ ప్రశాంతమైన పాయలో గానీ కనీసం 10 నిమిషాలు నడపండి. నిదానంగానూ వేగంగానూ తడబడకుండా నడిస్తేనే కెరటాలు దాటే సాహసం చేయాలి. ఇంజనును పరీక్షించాల్సిన చోటు కెరటాల మధ్య కాదు.

ఈ పాఠం వేట బోట్లకే పరిమితం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారిని చేరడానికి బోట్లే దిక్కయ్యాయి. సహాయక బోట్ల ఇంజన్లు ఏడాదిలో చాలా నెలలు గోదాములోనే ఉంటాయి. అవసరం మాత్రం చెప్పి రాదు. వచ్చిన రోజున మొదటి లాగుడుకే ఇంజను లేవాలి. నెలల క్రితం దాన్ని లోపల పెట్టినవారు గిన్నె అడుగున ఉన్న ఆ చిన్న మరను విప్పి, మిగిలిన కాస్త పెట్రోలును దింపారా లేదా అన్నది ఆ రోజు తేలుతుంది.